‘పర్సిస్టెంట్’ పరికరాన్ని ‘శాశ్వత’ పరికరం అనవచ్చునా?

ప్రశ్న:

సభ్యులకు నమస్కారం. లినక్సు సర్వర్లలో మీడియేటెడ్ పరికరాలను, అంటే ఒకే గ్రాఫిక్స్ కార్డు వంటి దాన్ని అనేక వర్చువల్ మెషీన్లకు పంచేందుకు సృష్టించే వర్చువల్ పరికరాలను, నిర్వహించే ‘ఎమ్‌డెవ్‌సీటీఎల్’ అనే కమాండ్ లైన్ సాధనం ఒకటి ఉంది. దాని కరదీపికను తెలుగు చేస్తూ, ‘పర్సిస్టెంట్’ (రీబూట్ తరువాత కూడా ఉండే) అనే భావం వచ్చిన చోటల్లా ‘శాశ్వత’ అని రాశాను. చిత్తుప్రతి చూసిన మిత్రులొకరు ఆ మాట పాఠకుణ్ణి తప్పుదారి పట్టిస్తుందన్నారు. ఇక్కడ ఏ మాట తగునో పెద్దలు చెప్పగలరని మనవి.

సమాధానం:

మీ మిత్రుల మాట నిజమేనండి. అయితే ‘శాశ్వతం’ అంటే ఎన్నటికీ చెడనిది అని నిఘంటువు చూసి కొట్టిపారేయడం కంటే, ఆ సాధనం అసలు దేన్ని కాపాడుతోందో చూస్తే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది.

2017లో వచ్చిన లినక్సు కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) 4.10తో ఈ మీడియేటెడ్ పరికరాల ఏర్పాటు మొదలైంది. మాతృ పరికరానికి, అంటే పంచబడే అసలు కార్డుకు, సంబంధించిన సిస్‌ఎఫ్‌ఎస్‌లో ‘క్రియేట్’ అనే ఫైలులోకి ఒక యూయూఐడీని (పరికరానికి ప్రత్యేకమైన గుర్తింపు సంఖ్యను) రాస్తే కొత్త పరికరం పుడుతుంది. సిస్‌ఎఫ్‌ఎస్ డిస్కు మీద ఉండేది కాదు, కెర్నల్ తన స్థితిని మెమరీ నుంచి చూపే కిటికీ మాత్రమే. కనుక సర్వర్‌ను రీబూట్ చేయగానే అలా పుట్టిన పరికరాలన్నీ పోతాయి. ఎమ్‌డెవ్‌సీటీఎల్ వాటిని పోకుండా ఆపదు. ‘డిఫైన్’ ఆదేశం ఇచ్చినప్పుడు అది పరికరపు యూయూఐడీ, మాతృ పరికరం, రకం, తనంతట మొదలవ్వాలా లేక ఎవరైనా మొదలుపెట్టాలా అన్న వివరాలను సెట్టింగులు ఉండే ‘ఈటీసీ’ డైరెక్టరీ కింద తన డైరెక్టరీలో ఒక జేసన్ ఫైలుగా (ఒక పద్ధతిలో రాసిన టెక్స్ట్ ఫైలుగా) రాసి పెడుతుంది. సర్వర్ తిరిగి లేచి మాతృ పరికరం సిద్ధమైనప్పుడు యూడెవ్ (పరికరాల రాకపోకలను గమనించే లినక్సు సేవ) నియమం ఒకటి ఈ సాధనాన్ని పిలుస్తుంది. అది ‘ఆటో’ అని రాసి ఉన్న పరికరాలను అదే యూయూఐడీతో మళ్లీ సృష్టిస్తుంది. అంటే పరికరం ప్రతిసారీ పోయి పుడుతూనే ఉంటుంది, మిగిలేది దాన్ని గురించిన రాత ఒక్కటే. అందుచేత ‘శాశ్వత’ అనే విశేషణం పరికరానికి అతకదు.

ఇది మాటల పట్టింపు మాత్రమే కాదు. డిఫైన్ అయిన పరికరానికి ‘స్టాప్’ ఆదేశం ఇస్తే పరికరం పోయి రాత మిగులుతుంది. నడుస్తున్న పరికరానికి ‘అన్‌డిఫైన్’ ఇస్తే రాత పోతుంది కాని పరికరం నడుస్తూనే ఉంటుంది, దాన్ని ఎవరైనా ఆపేవరకో రీబూట్ అయ్యేవరకో. రాతకూ పరికరానికీ కలిపి ‘శాశ్వత పరికరం’ అని ఒకే పేరు పెడితే, అన్‌డిఫైన్ చేస్తే వర్చువల్ మెషీన్ కింద ఉన్న పరికరం ఊడిపోతుందేమోనని చదివేవారు అనవసరంగా జంకుతారు.

ఇంగ్లీషు వివరణలో ఈ సాధనం పరికరాలను ‘పర్సిస్ట్’ చేస్తుందని సకర్మకంగానే ఉంటుంది. తెలుగులో ‘నిలుచు’కు సకర్మకమైన ‘నిలుపు’ చేతికందేటట్టు ఉన్నది కాబట్టి ‘పరికరాలను నిలిపి ఉంచే సాధనం’ అనాలని ఎవరికైనా అనిపిస్తుంది. దయచేసి అలా రాయకండి. ‘మాట నిలుపుకున్నాడు’లో నిలపడం కాపాడటమే, కాని ‘రైలును స్టేషన్‌లో నిలిపి ఉంచారు’ అంటే కదలకుండా ఆపారని. ‘నిలిపివేత’, ‘నిలుపుదల’ అన్నవి పత్రికల్లో ఆపడమనే అర్థంలోనే స్థిరపడిపోయాయి. స్టాప్ అనే ఆదేశం ఉన్న సాధనం కరదీపికలో ఈ ధాతువును వాడితే వాక్యం సరిగ్గా వ్యతిరేకార్థం ఇచ్చే ప్రమాదం ఉంది.

నా సూచన ‘నమోదు’. డిఫైన్ అంటే నమోదు చేయడం, అన్‌డిఫైన్ అంటే నమోదు తొలగించడం, ‘పర్సిస్టెంట్’ అన్నచోట ‘నమోదైన పరికరం’. డిఫైన్ చేయకుండా నేరుగా ‘స్టార్ట్’ చేసిన పరికరాన్ని ‘తాత్కాలిక పరికరం’ అనవచ్చు. ఆ మాటకు ఏ పేచీ లేదు.

అభ్యంతరం:

మీ విశ్లేషణ బాగుంది కాని ‘శాశ్వత’ను మరీ చిన్నబుచ్చారేమో ననిపిస్తున్నదండి. దరఖాస్తుల్లో ‘శాశ్వత చిరునామా’ అని రాస్తాం. ఆ ఇంట్లో మనం ఉండకపోవచ్చు, రేపు దాన్ని మార్చుకోనూవచ్చు. అక్కడ శాశ్వతమైనది కాగితం మీది రాతే కదా! వాడుకలో ఆ మాట ఇప్పటికే మీరు చెప్పిన అర్థానికి దిగివచ్చింది. పైగా కెర్నల్ పరిభాషలో డ్రైవర్లు (పరికరాలను నడిపే ప్రోగ్రాములు) ‘రిజిస్టర్’ అవుతాయి, దానికీ ‘నమోదు’ అనే రాస్తాం. అప్పుడు గందరగోళం రాదా?

ప్రత్యుత్తరం:

శాశ్వత చిరునామా ఉదాహరణ నాకు తట్టలేదు, చక్కగా పట్టుకున్నారు. అయితే అక్కడ ఆ విశేషణం తగిలింది చిరునామా అనే రాతకే, ఇంటికి కాదు. ఆ లెక్కన ‘శాశ్వత నిర్వచనం’ అన్నా నాకు సమ్మతమే. ‘శాశ్వత పరికరం’ అన్నదానికే నా అభ్యంతరం.

రిజిస్టర్ సంగతిలో మీరన్నది నిజం. కాని ఆ మాట డ్రైవర్లు రాసేవారి పుస్తకాల్లోది, సర్వర్ నడిపేవారు చదివే ఈ కరదీపికలో దాని అవసరం తక్కువ. తప్పనిసరైన చోట ‘రిజిస్టర్’ అనే ఉంచేద్దాం. ‘నమోదు’ను నేను వదులుకోలేకపోవడానికి ఇంకొక కారణం ఉంది. ఐబీఎం జడ్ సర్వర్లలో క్రిప్టో అడాప్టర్లను (ఎన్‌క్రిప్షన్ పనులు చేసే కార్డులను) పంచే పరికరానికి ఏ అడాప్టర్, అందులో ఏ డొమైన్ (విభాగం) కేటాయించాలో కూడా ఆ జేసన్ ఫైలులోనే ఒక వరుసలో రాసి ఉంటుంది, పరికరాన్ని మొదలుపెట్టేటప్పుడు ఆ వరుసలోనే అవి అమలవుతాయి. పద్దులు వరుసగా రాసి ఉంచినదానికి ‘నమోదు’ అతికినట్టు ‘నిర్వచనం’ అతకదు.

ప్రశ్న అడిగినవారు తమ కరదీపికలోని మొదటి వాక్యాన్ని ఇలా మార్చి చూడవచ్చు: ‘ఎమ్‌డెవ్‌సీటీఎల్ మీడియేటెడ్ పరికరాలను నిర్వహిస్తుంది, వాటి వివరాలను నమోదు చేసి ఉంచి, రీబూట్ తరువాత వాటిని తిరిగి సృష్టిస్తుంది.’ ఇందులో ‘పర్సిస్టెంట్’కు విడిగా ఒక మాటే అక్కరలేకపోయింది.