వెండో 81 లో ఏ సీసా పెట్టాలి? 6.5 ఔన్సులది ఇక దొరకదు కదా

పాతపెట్టె_డాలస్:
నా వెండో 81 (డబ్బులు వేస్తే సీసా ఇచ్చే 1950ల నాటి కోక్ మెషిన్) బాగుచేయడం అయిపోయింది. చల్లబడుతోంది, డైమ్ (పది సెంట్ల నాణెం) వేస్తే తీసుకుంటోంది. ఇక సీసాలే కావాలి. ఈ మెషిన్ల కాలం నాటి 6.5 ఔన్సుల (192 మి.లీ.) వాపసు సీసాలో కోక్ నింపిన చివరి ఊరు మిన్నెసోటాలోని వినోనా. 2012 లో వాళ్ళూ ఆపేశారు. మిగిలినవి మూడు దారులు: కొట్లో దొరికే 8 ఔన్సుల గాజు సీసా, 355 మి.లీ. మెక్సికన్ కోక్, లేదంటే పాత ఖాళీ సీసాలు కొని ఇంట్లో నింపుకోవడం. ఏది మేలు?

క్రౌన్26:
మూడోదే. మిగతావి సర్దుబాట్లు.
ఖాళీ సీసా కొనేముందు మూతి అంచు చుట్టూ గోరు తిప్పండి. ఎక్కడైనా తగిలిందంటే అది షోకేసుకే. పొట్ట చుట్టూ తెల్లగా అరిగిన వలయాలు లోతుగా ఉన్నా వదిలేయండి. వేడినీళ్ళలో వాషింగ్ సోడా వేసి రాత్రంతా నానబెట్టి, బ్రష్‌తో తోమి, జాలించి, శానిటైజర్‌లో ముంచి బోర్లించాలి.
కోక్ సిరప్ ఒక పాలు, నీళ్ళు ఐదు పాళ్ళు. అంటే సీసాకి 32 మి.లీ. సిరప్, 160 మి.లీ. నీళ్ళు. ఐదు గ్యాలన్ల కెగ్‌లో (ఒత్తిడి తట్టుకునే పీపా) కలిపి, 38 ఫారెన్‌హీట్‌కి దించి, 30 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ మీద వారం ఉంచితే దాదాపు నాలుగు వాల్యూమ్‌లు, అంటే ద్రవానికి నాలుగింతల గ్యాస్ ఎక్కుతుంది. సీసాలు కూడా ముందే ఫ్రిజ్‌లో పెట్టండి. వెచ్చటి గాజులో పోస్తే సగం నురగై పోతుంది. కౌంటర్ ప్రెషర్ ఫిల్లర్ (సీసాలో ముందే గ్యాస్ ఒత్తిడి పెట్టి నురగ లేకుండా నింపేది) తప్పనిసరి. పైన అంగుళం ఖాళీ వదిలి 26 మి.మీ. క్రౌన్ (రేకు మూత) బిగించండి. మూత బిగించడానికి బల్ల మీద నిలబెట్టే క్యాపరే వాడండి. రెండు రెక్కల క్యాపర్ మెడ కింది గట్టుని పట్టుకుని నొక్కుతుంది, ఆ గట్టు సరిగ్గా లేని సీసా మెడ చేతిలోనే విరుగుతుంది.

సీసాలెక్క:
ఇంత రాశారు, సీసా పేలితే కళ్ళని కాపాడే అద్దాల మాట ఒక్కటి లేదు. 38 ఫారెన్‌హీట్‌లో 30 పీఎస్ఐ ఉన్న సీసా టెక్సస్ గరాజ్‌లో 100 ఫారెన్‌హీట్‌కి చేరితే లోపలి ఒత్తిడి మూడింతల దాకా పోతుంది. అరవై ఏళ్ళ గాజు మీద ప్రతి గీతా ఒక పగులు మొదలయ్యే చోటే.
8 ఔన్సులది తెచ్చుకోండి. గాజు పలచన కాబట్టి ఎక్కువ పడుతుంది గానీ, బయటి కొలత పాతదానికి దగ్గరే. ఒక్కటి కొని లావైన చోట కాలిపర్ (మందం కొలిచే పనిముట్టు) పెట్టి కొలవండి. తర్వాత ఒకే అర నింపి పదిసార్లు డబ్బులు వేసి లాగి చూడండి. ఇరుక్కుంటే సీసాని తిట్టకముందు అర తుడవండి. ఎప్పుడో కారిన సిరప్ జిగురై ఉంటుంది, దానిమీద ఏ సీసా దొర్లదు.

చెరకుపక్షం:
8 ఔన్సులదాంట్లో కార్న్ సిరప్. మెక్సికన్‌లో చెరకు చక్కెర. ఇంకేం మాట్లాడాలి?

సీసాలెక్క:
ప్రశ్న మెషిన్‌లో ఏది పడుతుందని. నాలుక మీద ఏది బాగుంటుందని కాదు.

చెరకుపక్షం:
తాగడానికి కాకపోతే మెషిన్ ఎందుకు సార్?

గోళీ_తణుకు:
ఇండియాలో 200 మి.లీ. వాపసు సీసాలు ఉంటాయిగా. దళసరి గాజు. సూట్‌కేస్‌లో ఓ డజను తెచ్చుకోండి 😀

క్రౌన్26:
అవి డిపాజిట్ కట్టి తెచ్చుకునేవి, కంపెనీ సొత్తు. కొట్టువాడి క్రేట్‌లోంచి ఎత్తుకురావడం నా పద్ధతి కాదు.

పాతపెట్టె_డాలస్:
355 అసలు పడుతుందా?

ఒహాయో_బాబాయ్:
81 కి పేరొచ్చిందే అందుకు నాయనా. సీసాని మెడ పట్టుకుని బయటికి లాగుతాం కాబట్టి రకరకాల సైజులు సర్దుకుంటుంది. చిన్న సీసాకి వెనక అడ్డు పెట్టి మెడ ముందుకి తేవాలి. పొడుగు సీసాకి ఆ అడ్డు తీసేయాలి. తీశాక కూడా మూత తలుపుకి తగులుతోందంటే ఆ సీసా నీ మెషిన్‌కి కాదు. ఒకే అరలో రెండు సైజులు కలపొద్దు. దేనికోసమూ రేకు కత్తిరించొద్దు, ఒంచొద్దు. అడ్డు ఎప్పుడైనా తీసేయొచ్చు, కోసింది అతకదు.
కొలవడానికి సీసాలు కావాలంటే ఓక్లహోమా ఆర్కేడియాలో రూట్ 66 రోడ్డు మీద పాప్స్ అనే సోడాల కొట్టు ఉంది. విడివిడిగా అమ్ముతారు, వందల రకాలు. మీ వైపే డబ్లిన్ బాట్లింగ్ వర్క్స్ వాళ్ళవీ గాజు సీసాలే, చెరకు చక్కెరే. 2012 లో డాక్టర్ పెప్పర్ అనే సోడా నింపడం మానేశారు, సొంత రకాలు మాత్రం చేస్తున్నారు.

చెరకుపక్షం:
👆 చెరకు. చూశారా.

సీసాలెక్క:
థర్మోస్టాట్ గురించి కూడా రాస్తున్నా. 34-36 ఫారెన్‌హీట్ దగ్గర ఆపండి. థర్మామీటర్ గాలిలో వేలాడదీస్తే అబద్ధం చెప్తుంది. నీళ్ళు పోసిన సీసాలో ముంచి, పై అరలో ఒకటి, కింది అరలో ఒకటి పెట్టి, రాత్రంతా వదిలి పొద్దున్న చూడండి. రెండిటికీ తేడా ఎక్కువుంటే ఫ్యాన్ చూసుకోవాలి. సోడా గడ్డకడితే కొత్త సీసా కూడా పగులుతుంది. క్రౌన్ గారి పాత సీసా సంగతి చెప్పక్కర్లేదు.

క్రౌన్26:
మళ్ళీ నా సీసాల మీదికే. ఆ పలచటి 8 ఔన్సులవి ఒక ఆన్‌లైన్ షాపు 24 పంపితే 9 మూతి చిట్లి వచ్చాయి. కొత్త గాజు గట్టిదని నాకు చెప్పకండి.

సీసాలెక్క:
అది ప్యాకింగ్ తప్పు. గాజు తప్పు కాదు.

క్రౌన్26:
నా దగ్గరైతే గాజు తప్పు, షాపు దగ్గరైతే ప్యాకింగ్ తప్పు. భలే లెక్క అండీ మీది.

సీసాలెక్క:
సరే, ఉన్నమాట అనేస్తా. నా అసలు అభ్యంతరం గాజు కాదు. కోక్ అని రాసున్న సీసాలో మీరు కలిపింది పోసి, కొత్త మూత కొట్టి, వచ్చినవాళ్ళ చేతికిస్తారు. వాళ్ళు ఫ్యాక్టరీలో నింపిందనుకుని తాగుతారు. ఏ తేదీన నింపారో ఎవరికీ తెలీదు. పెరట్లో చేస్తే దానికి ముద్దుగా రీఫిల్ అని పేరా?

క్రౌన్26:
కొట్లో పెట్టి అమ్మితే నకిలీ. నేను అమ్మట్లేదు. క్రౌన్ మీద నింపిన తేదీ మార్కర్‌తో రాస్తా, ఇంట్లో నింపిందని చెప్పే ఇస్తా. మీరు చేసేదేంటి మరి? మెషిన్ 1950ల నాటిది, తలుపు తీస్తే లోపల నిన్న సూపర్‌మార్కెట్‌లో కొన్న సీసా. ఆ బరువైన సీసా చేతికి రాకపోతే అది ఫ్రిజ్. దానికి ఇంత పెయింటు, ఇంత క్రోమ్ ఎందుకు?

సీసాలెక్క:
మీకు సీసా అసలుది కావాలి. నాకు లోపలిది అసలుది కావాలి.

ఒహాయో_బాబాయ్:
ఈ ముక్క మొదటే అనుకునుంటే ఇంత చదివే బాధ తప్పేది.

చెరకుపక్షం:
లోపలిది అసలుదంటే చెరకు.

ఒహాయో_బాబాయ్:
ఒకటి మర్చిపోయా. కొన్ని సీసాల మూతికి మర ఉంటుంది, చేత్తో తిప్పి తీసే రకం. ఖాళీ అయ్యాక వాటికి మామూలు క్రౌన్ కొడితే గ్యాస్ నిలవదు. రీఫిల్ చేసేవాళ్ళు మూత తీశాక ఆ మర ఉందేమో చూసుకోండి. వాడి పారేసే సీసా అయితే మర లేకపోయినా మళ్ళీ నింపొద్దు.

పాతపెట్టె_డాలస్:
అందరికీ థాంక్స్. 8 ఔన్సులది ఒక అరలో పెట్టి చూశా. వెనక పావు అంగుళం చెక్క అడ్డు పెడితే పదికి పది వచ్చాయి. 355 మూత తలుపుకి తగులుతోంది, నా మెషిన్‌కి కుదర్లేదు. ఇంకో సందేహం: ముందు మూత తీసే చోట కింద క్రౌన్లు పడే డబ్బా లేదు. కొలతలు ఎవరిదగ్గరైనా ఉన్నాయా?

క్రౌన్26:
ఉన్నాయి. 8 ఔన్సులు పెట్టేవాళ్ళకి ఇవ్వను.

క్రౌన్26:
పంపించా, ఇన్‌బాక్స్ చూడండి. రేకు మరీ పలచనిది తీసుకోకండి, క్రౌన్లు నిండితే అడుగు వంగిపోతుంది.