ఖర్చు రికవరీ అని ఫీజులు పెంచుతున్నారు, అసలు ఆ లెక్క ఎలా కడతారు?

మేడమీదగది
మా సిటీలో బిల్డింగ్ పర్మిషన్ నుంచి స్విమ్మింగ్ పూల్ దాకా ఫీజులన్నీ ఒకేసారి పెంచుతున్నారు. అడిగితే లాభం కాదండి, సర్వీసుకి అయ్యే ఖర్చే తీసుకుంటున్నాం అంటారు. ఆ ఖర్చు ఎలా తేలుస్తారు? దేనికి మొత్తం రాబట్టాలి, దేనికి కొంత వదిలెయ్యాలి అనేది ఎవరు డిసైడ్ చేస్తారు? వచ్చేవారం పబ్లిక్ మీటింగ్, ఏం అడగాలో చెప్పండి.

కుళాయిగోల
ఏం అడిగినా వాళ్లు చేసేది చేస్తారు. నీళ్లు పొదుపు చెయ్యండి అన్నారు, చేశాం. వాడకం తగ్గి ఆదాయం పడిపోయిందని రేటు పెంచారు. బుద్ధిగా ఉన్నందుకు జరిమానా అన్నమాట.

పాతగుమాస్తా
22 ఏళ్లు మునిసిపల్ అకౌంట్స్‌లో చేసినవాణ్ణి, వినండి. నువ్వు బిందెడు వాడినా ట్యాంకుడు వాడినా పైపులు, అప్పు వాయిదా, జీతాలు అవే. వాడకంతో పాటు తగ్గేది పంపుల కరెంటు, క్లోరిన్, అంతే. అందుకే ఫిక్స్‌డ్ చార్జీ పెడతారు.

కుళాయిగోల
ఫిక్స్‌డ్ పెంచితే ఒంటరిగా ఉండే ముసలావిడా, ఇంటిచుట్టూ లాన్ తడుపుకునేవాడూ దాదాపు ఒకటే కడతారు, అది న్యాయమా? మీటరు దాకా రాకుండా లీకైపోయిన నీళ్ల ఖర్చు ఎవరి బిల్లులో కలుస్తుందో అది కూడా చెప్పండి సార్, 22 ఏళ్లు చేశారుగా.

మేడమీదగది
నీళ్లు పక్కన పెట్టండి ప్లీజ్. మేడ మీద ఒక్క గది వేసుకున్నా. ఇన్‌స్పెక్టర్ వచ్చింది 15 నిమిషాలు, వేసింది 3 గంటల చార్జీ. ఇదెక్కడి లెక్క?

పాతగుమాస్తా
ఆ 15 నిమిషాలే పని అనుకుంటే ఎట్లా బాబూ. ప్లాన్ చూడాలి, రావాలి, పోవాలి, రిపోర్ట్ రాయాలి. వారానికి 40 గంటల చొప్పున ఏడాదికి 2,080 గంటలు. సెలవులు, ట్రైనింగ్, మీటింగులు తీసేస్తే ఏ 1,600 గంటలో మిగులుతాయనుకో. జీతం, పెన్షన్ మొత్తాన్ని ఆ 1,600తో భాగించాలి, 2,080తో కాదు. దానిమీద పై ఆఫీసుల ఖర్చు వాటా.

లెక్కలపిచ్చి
ఆ వాటా దగ్గరే ఉంది మతలబంతా. హెచ్‌ఆర్ ఖర్చు ఉద్యోగుల సంఖ్యని బట్టి, ఆఫీసు మెయింటెనెన్స్ చదరపు అడుగుల్ని బట్టి పంచాలి. అలా కాకుండా అందరి మీదా ఒకే శాతం బాదేస్తే సంబంధం లేని డిపార్ట్‌మెంట్ల ఖర్చు కూడా ఈయన గది మీదకొస్తుంది. అసలు ఆ 3 గంటలు ఎక్కడివి? మీకు ఎంతసేపు పడుతుంది అని ఆ డిపార్ట్‌మెంట్ వాళ్లనే అడిగి రాసుకుంటారు. టైమ్‌షీట్లు చూడరు.

పాతగుమాస్తా
ఎప్పుడైనా కౌంటర్‌లో కూర్చున్నావా? ఫోను ఎత్తిన ప్రతిసారీ గడియారం నొక్కుతూ కూర్చోమంటావా?

లెక్కలపిచ్చి
ప్రతిసారీ వద్దు, రెండు వారాలు శాంపిల్ తీయండి చాలు. తీయరు, ఎందుకంటే 3 గంటలు కాస్తా గంటన్నర అని తేలుతుంది.

పాతగుమాస్తా
తేలితే తేలనీ! నాలుగు గంటలని కూడా తేలొచ్చు, అప్పుడు ఇదే గ్రూపులో నువ్వే ఏడుస్తావు.

ఈతకొలను
మీ కొట్లాట తర్వాత. మా పూల్ టికెట్ పెంచగానే పిల్లలు సగానికి తగ్గారు. నీళ్లు మార్చే ఖర్చు, గార్డు జీతం అలాగే ఉన్నాయి, తలకి ఖర్చు ఇంకా పెరిగిందని మళ్లీ టికెట్ పెంచారు. ఇప్పుడు పిల్లలే లేరు, రికవరీ మాత్రం కాగితం మీద బ్రహ్మాండం.

సైకిల్‌బండి
పిల్లల మీద పడేకన్నా ఊరి నడిమధ్యకి వచ్చే కార్ల మీద చార్జీ వెయ్యొచ్చుగా. సింగపూర్ 1975లోనే పెట్టింది, లండన్ 2003లో.

లెక్కలపిచ్చి
అన్నా, అది రద్దీ తగ్గించడానికి పెట్టిన ధర, రికవరీ కాదు. రెండూ కలపకు.

సైకిల్‌బండి
జేబులోంచి పోయేటప్పుడు రెండూ ఒకటే.

రెండోకాపీ
ఒకటి కాదండీ. కాలిఫోర్నియాలో 2010లో ప్రాపొజిషన్ 26 (జనం నేరుగా ఓటేసి తెచ్చుకున్న రూల్) పాసయ్యాక ఒక సర్వీసుకి తీసుకునే ఫీజు, దానికయ్యే సమంజసమైన ఖర్చు దాటితే పన్ను కిందే లెక్క. దాటలేదని నిరూపించుకోవాల్సింది కూడా ప్రభుత్వమే. మీ దగ్గర రూల్ ఏంటో ముందు అది కనుక్కోండి. ఇక రెండో ప్రశ్న: లాభం ఒక్కడికే అయితే (మీ గదిలాగా) మొత్తం ఆయన దగ్గరే తీసుకోవచ్చు, ఊరందరికీ అయితే పన్నుల్లోంచి పెట్టాలి. ఫైరింజనుకి ఫీజు పెడితే ఫోన్ చెయ్యడానికి ముందు జేబు తడుముకుంటారు జనం. ఫీజుల లెక్క కట్టడానికి పెట్టుకునే కన్సల్టెంటు ఖర్చు ఎంతయ్యిందో చెప్తాడు, ఎంత శాతం రాబట్టాలో తేల్చేది మీరు ఓటేసిన కౌన్సిలే.

మేడమీదగది
థాంక్సండీ. టైమ్‌షీట్లు, వాటాల పట్టిక రెండూ ముందే ఇమ్మని ఈరోజే మెయిల్ పెట్టా. గుమాస్తా గారూ, ఆ పట్టిక వస్తే ఒకసారి చూసిపెడతారా?

పాతగుమాస్తా
పంపు. ఆ లెక్కల పిల్లాడికి మాత్రం చూపించకు.

కుళాయిగోల
లీకైన నీళ్ల సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.