ఆరు ఐగెన్ విలువలు వస్తున్నాయి, కోడ్‌లు మాత్రం తేలడం లేదు: సీడీఎంఏ సందేహం

ప్రశ్న:
సభ్యులకు నమస్కారం. పలువురు వినియోగదారులు ఒకేసారి వాడుతున్న డీఎస్-సీడీఎంఏ సిగ్నల్ (ఒకే ఛానల్‌లో ఒక్కొక్కరికి ఒక్కో కోడ్ ఇచ్చే పద్ధతి) నుంచి, స్ప్రెడింగ్ కోడ్‌లు (ప్రతి సింబల్‌ను చిప్‌లనే చిన్న ముక్కలుగా పరిచే ప్లస్ 1, మైనస్ 1 వరుసలు) ముందుగా తెలియకుండానే వాటిని రాబట్టే ప్రోగ్రామ్‌ను పీజీ ప్రాజెక్టు కోసం మ్యాట్‌ల్యాబ్‌లో రాస్తున్నాను. సిమ్యులేషన్‌లో ముగ్గురు వినియోగదారులు ఉన్నారు. అందరికీ 31 చిప్‌ల గోల్డ్ కోడ్‌లు (రెండు మూల వరుసలను కలిపి తయారుచేసే కోడ్‌ల కుటుంబం), బీపీఎస్‌కే మాడ్యులేషన్ (ప్రతి సింబల్ ప్లస్ 1 లేదా మైనస్ 1), సమానమైన పవర్ ఇచ్చాను. జాప్యం మాత్రం ఒక్కొక్కరికి ఒక్కో విధంగా, పూర్తి చిప్‌ల లెక్కన ఉంది. ఒక్కో సిగ్నల్ నాయిస్ కంటే 5 డెసిబెల్‌లు తక్కువ. చిప్‌కు ఒక శాంపిల్ చొప్పున, సింబల్ నిడివి గల 500 విండోలతో కోవేరియన్స్ మాత్రికను (శాంపిల్‌ల మధ్య పరస్పర సంబంధాల పట్టిక) కట్టాను. మూడు పెద్ద ఐగెన్ విలువలు (మాత్రికలో ఒక్కో ప్రధాన దిశలో ఉన్న పవర్) వస్తాయనుకుంటే ఆరు వచ్చాయి. వాటి సదిశలు ఏ కోడ్‌తోనూ సరిపోలడం లేదు. నాయిస్ పవర్‌ను 1గా పెట్టినా, మిగిలిన నాయిస్ విలువలు కూడా 1 దగ్గర నిలవకుండా 0.6 నుంచి 1.5 వరకు చెదిరి ఉన్నాయి. ఎక్కడ పొరపాటు జరుగుతోందో దయచేసి చెప్పగలరు.

సమాధానం:
మీరు చెప్పిన ఫలితాలను బట్టి ప్రోగ్రామ్ సరిగానే పనిచేస్తోంది. ఆరు రావడమే న్యాయం. మీ విండో ప్రతి వినియోగదారుడికీ సింబల్ మధ్యలో మొదలవుతోంది కాబట్టి, అందులో ముందు పాత సింబల్‌పై కోడ్ చివరి ముక్క, ఆ తర్వాత కొత్త సింబల్‌పై కోడ్ మొదటి ముక్క పడతాయి. ఈ రెండు సింబల్‌లకూ పరస్పర సంబంధం లేదు గనుక ఒక్కొక్కరి వల్ల రెండేసి పెద్ద విలువలు వస్తాయి. ఉదాహరణకు ఒకరి ముక్కలు 10, 21 చిప్‌లుగా విడిపోయాయనుకుంటే, మైనస్ 5 డెసిబెల్‌ల దగ్గర సిగ్నల్ పవర్ 0.316 కాబట్టి, ఆ ఒక్కరే ఉన్నప్పుడు నాయిస్ పైన సుమారు 3.2, 6.6 ఎత్తున రెండు విలువలు కనిపిస్తాయి.

నాయిస్ చెదరడానికి కారణం విండోలు పరిమితంగా ఉండటమే. 31ని 500తో భాగించి వర్గమూలం తీస్తే 0.25 వస్తుంది, దాన్ని 1కి కలిపి ఒకసారి, 1 నుంచి తీసి ఒకసారి వర్గం చేస్తే 1.56, 0.56 వస్తాయి. శుద్ధ నాయిస్ విలువలు దాదాపు ఈ హద్దుల మధ్యే పరుచుకుంటాయి. అందువల్ల వినియోగదారులను లెక్కించే గీతను 1 దగ్గర కాక 1.56కు కాస్త పైన గీయండి.

అసలు చిక్కు సదిశల దగ్గర ఉంది. ఐగెన్ సదిశలు ఒకదానికొకటి లంబంగా ఉండి తీరాలి; గోల్డ్ కోడ్‌ల ముక్కలకు అటువంటి నియమమేదీ లేదు. పైగా మీరు అందరికీ ఒకే పవర్ ఇచ్చారు కాబట్టి విలువలు దగ్గరదగ్గరగా పడి, సదిశలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. కోవేరియన్స్ మాత్రిక ఆరు కొలతల ఉపాంతరాళాన్ని మాత్రమే చూపగలదు; అందులో కోడ్‌లు ఏ దిశల్లో ఉన్నాయో చెప్పే సమాచారం దానిలో లేదు. ఒక్క వినియోగదారుడికి రాసిన ప్రోగ్రామ్‌నే ముగ్గురికి వాడబోతే అందరూ ఆగిపోయే చోటు ఇదే.

ఇక్కడి నుంచి సింబల్‌ల స్వభావాన్ని వాడుకోవాలి. పెద్ద విలువల నుంచి నాయిస్ భాగాన్ని తీసివేసి, డేటాను ఆరు కొలతలకు కుదించి వైటెనింగ్ చేసి (అన్ని దిశల్లో పవర్ సమానమయ్యేలా, వాటి మధ్య సంబంధం లేకుండా మార్చి), కలిసిపోయిన స్వతంత్ర సిగ్నల్‌లను వేరుచేసే ఫాస్ట్ ఐసీఏ పద్ధతికి ఇవ్వండి. బీపీఎస్‌కే సింబల్ కర్టోసిస్ (గాసియన్ నాయిస్ నుంచి ఎంత తేడాగా ఉందో చెప్పే కొలత; గాసియన్‌కు ఇది సున్నా) మైనస్ 2 కాబట్టి వేర్పాటు బాగానే కుదురుతుంది. వచ్చిన ఆరు వరుసల్లో ఏది ఎవరిదో తేల్చడానికి ఒక తేలిక మార్గం ఉంది: ఒకే వ్యక్తి కొత్త సింబల్ తర్వాతి విండోలో పాత సింబల్ అవుతుంది కాబట్టి, ఒక విండో జరిపి సహసంబంధం తీస్తే జతలు వాటంతటవే బయటపడతాయి. ఆ సహసంబంధం రుణాత్మకమైతే జతలో ఒక ముక్క గుర్తును తిప్పండి. తర్వాత ప్రతి వరుసను విండోలతో గుణించి సగటు తీస్తే ఒక ముక్క, మిగిలిన చోట దాదాపు సున్నాలు వస్తాయి. విండో చివర ఉన్న ముక్కను ముందు, విండో మొదట ఉన్న ముక్కను దాని వెనుక పెట్టి అతికితే పూర్తి కోడ్ తయారవుతుంది.

మరో సభ్యుని చేర్పు:
చిప్‌కు రెండు శాంపిల్‌లు తీసుకునేవారు ఒక సంగతి గమనించాలి. రిసీవర్ ఫిల్టర్ దాటిన నాయిస్ అప్పుడు తెల్లగా (పక్కపక్క శాంపిల్‌ల మధ్య సంబంధం లేకుండా) ఉండదు గనుక, సిగ్నల్ లేకపోయినా కొన్ని విలువలు పెద్దవిగా కనిపిస్తాయి. ఖాళీ ఛానల్‌ను రికార్డు చేసి ముందుగా వైటెనింగ్ చేయడం మంచిది. ఇంకొక మాట: ఈ పద్ధతి ప్రతి సింబల్‌కూ అదే కోడ్ తిరిగి వచ్చే వ్యవస్థలకే వర్తిస్తుంది. పాత సీడీఎంఏ మొబైల్ ప్రమాణమైన ఐఎస్-95లో సెకనుకు 12,28,800 చిప్‌ల వేగంతో నడిచే దీర్ఘ కోడ్ మళ్లీ మొదటికి రావడానికి 41 రోజులకు పైగా పడుతుంది. అక్కడ సగటు తీస్తే కోడ్ జాడ చెరిగిపోతుంది.

అడిగినవారి ఉప ప్రశ్న:
ధన్యవాదాలండీ. జతలు స్పష్టంగా వచ్చాయి, మూడు కోడ్‌లూ దొరికాయి. నిర్ధారణ కోసం బెర్ల్‌క్యాంప్-మాసీ పద్ధతితో చూస్తే రెండింటికి రేఖీయ సంక్లిష్టత (ఆ వరుసను పుట్టించగల అతి చిన్న షిఫ్ట్ రిజిస్టర్ పొడవు) 10 వచ్చింది, మూడోదానికి 11 వచ్చింది. ఒక చిప్ తప్పుగా వచ్చిందనుకోవచ్చా?

సమాధానం:
ఒక చిప్ తప్పితే 31 చిప్‌ల వరుసలో సంక్లిష్టత సాధారణంగా ఇంకా చాలా పైకి పోతుంది. 11 వచ్చిందంటే చాలావరకు మొత్తం కోడ్ గుర్తు తలకిందులై ఉంటుంది. ఆ సందిగ్ధతను ఐసీఏ ఎలాగూ తీర్చలేదు. గుర్తు తిరగడమంటే ప్రతి బిట్‌కూ 1 కలపడమే కాబట్టి రిజిస్టర్‌ను వర్ణించే బహుపదిలో ఒక కారణాంకం అదనంగా చేరుతుంది. మూడో కోడ్‌ను మైనస్ 1తో గుణించి మళ్లీ చూడండి, 10 వస్తుంది. మొదటి 20 చిప్‌ల నుంచి కట్టిన రిజిస్టర్ మిగిలిన 11 చిప్‌లను సరిగ్గా చెబితే ఇక అనుమానం అక్కర్లేదు. ఎప్పుడైనా 5 కనిపించినా కంగారు పడవద్దు. 33 గోల్డ్ కోడ్‌ల ఆ కుటుంబంలో, వాటిని తయారుచేసిన మూల ఎం-వరుసలు (5 స్థానాల రిజిస్టర్ ఇచ్చే గరిష్ఠ పొడవు వరుసలు) రెండూ కూడా సభ్యులే.