జీఆర్ఈ రాయబోతున్నాను: నమూనా పరీక్షలు ఎన్ని రాయాలి?

నెల్లిమర్ల నుంచి, ప్రస్తుతం డాలస్:
అందరికీ నమస్కారం. ఈ మధ్యే ఇక్కడికి వచ్చాను. డిసెంబరులో ఎంఎస్ దరఖాస్తులు పంపాలి. దసరా వెళ్లగానే సిరిమానోత్సవానికి విజయనగరం ప్రయాణం ఉంది. ఆ దరఖాస్తుల కోసం రాసే జీఆర్ఈ ప్రవేశ పరీక్షను ఆలోగా ముగించాలని ఆశ. రోజుకొక నమూనా పరీక్ష రాస్తే సరిపోతుందా?

బొబ్బిలి నుంచి, ప్రస్తుతం డాలస్:
రోజుకొకటి వద్దమ్మా. ఎంసెట్ రోజుల అలవాటు మనల్ని అంత తొందరగా వదలదు. అక్కడ మూడు గంటల్లో 160 ప్రశ్నలు, వేగానిదే పైచేయి. ఇక్కడ ఒక వ్యాసం, 54 ప్రశ్నలు, మొత్తం 1 గంట 58 నిమిషాలు. ప్రతి ప్రశ్నా నిదానంగా చదివించుకుంటుంది.

పరీక్ష నిర్వహించే ఈటీఎస్ సంస్థే పవర్‌ప్రెప్ పేరుతో రెండు పూర్తి పరీక్షలు ఉచితంగా ఇస్తుంది. అసలు పరీక్షకు అంత దగ్గరగా ఉండేవి అరుదు కనుక వాటిని పొదుపుగా వాడండి. ఒకటి ఈ వారమే రాసి ఎక్కడున్నారో చూసుకోండి. రెండోది పరీక్షకు పది రోజుల ముందు రాయండి. చూసిన ప్రశ్నలే మళ్లీ చేస్తే వచ్చే మార్కు జ్ఞాపకశక్తికే తప్ప చదువుకు కాదు. భాషకూ గణితానికీ రెండేసి విభాగాలు ఉంటాయి; మొదటి విభాగం ఎలా చేశారన్నదాన్ని బట్టి రెండో విభాగం కష్టం మారుతుంది. అచ్చు పుస్తకంలో ఈ అనుభవం రాదు. 2023 సెప్టెంబరులో పరీక్షను కుదించారు కనుక అంతకు ముందు వచ్చిన పుస్తకాల్లో ప్రశ్నలు తీసుకోండి, సమయం లెక్కలు మాత్రం వదిలేయండి.

అసలు చదువు పరీక్ష రాశాకే మొదలవుతుంది. ఉదాహరణకు ఈ ప్రశ్న చూడండి: ఒక సంఖ్య వర్గం 9. ఆ సంఖ్య పెద్దదా, 3 పెద్దదా? చాలామంది ‘సమానం’ అని గుర్తుపెట్టి ముందుకు వెళ్లిపోతారు. ఆ సంఖ్య −3 కూడా కావచ్చు కాబట్టి ‘ఇచ్చిన సమాచారంతో చెప్పలేం’ అన్నదే సరైన జవాబు. దీన్ని ‘అజాగ్రత్త’ అని రాసుకుంటే ఏమీ రాసుకోనట్టే. ‘రుణసంఖ్యను పరిశీలించలేదు’ అని రాసుకోండి. అలా పదిహేను తప్పులు రాసేసరికి మళ్లీ మళ్లీ వచ్చే రెండు మూడు కారణాలు బయటపడతాయి. ఆ తరువాతి వారమంతా వాటి మీదే కూర్చోండి. ఊహించి రాసినది సరైనా సరే, దాన్నీ తప్పుల్లోనే చేర్చండి. పరీక్ష రాయడానికి పట్టినంత సమయమైనా ఈ పనికి ఇవ్వకపోతే ఆ పరీక్ష వృథా అన్నది నా గట్టి నమ్మకం.

టెక్కలి నుంచి, ప్రస్తుతం ఆస్టిన్:
అన్నయ్య చెప్పినదానికి తోడు ఒక మాట. ఇక్కడ ఉదయం తొమ్మిదంటే ఇప్పుడు మన ఊళ్లో రాత్రి ఏడున్నర, సరిగ్గా అమ్మ ఫోను చేసే వేళ. ముందే చెప్పి ఫోను ఆపేయండి. అసలు పరీక్షలో విరామం ఉండదు, నమూనాలోనూ మధ్యలో లేవకండి. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు కాబట్టి ఒక్క ప్రశ్నా ఖాళీగా వదలొద్దు. మళ్లీ రాయాలంటే 21 రోజులు ఆగాలి. అందుకే తేదీని ప్రయాణానికి కనీసం నాలుగు వారాల ముందే పెట్టుకోండి. నమోదు చేసేటప్పుడు ఇంటిపేరుతో సహా పేరంతా పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి, చెల్లెమ్మా.

నెల్లిమర్ల నుంచి, ప్రస్తుతం డాలస్:
చాలా సంతోషమండి. మొదటి పవర్‌ప్రెప్ ఈ శనివారమే రాస్తాను. క్వాంట్ (గణితం) తప్పుల పట్టిక మీకు ఒకసారి చూపించవచ్చా, అన్నయ్యా?

బొబ్బిలి నుంచి, ప్రస్తుతం డాలస్:
తప్పకుండా అమ్మా. కారణాలు కూడా రాసి పంపండి, ఆదివారం కూర్చుని చూద్దాం.