యమహా ఆర్‌ఎక్స్ 100 బైక్: కార్బురేటర్ కడిగించినా నాలుగు కిలోమీటర్లకే ఆగిపోతోంది

నల్గొండ ఆర్‌ఎక్స్:
అన్నలూ, మా నాన్న 1992లో కొన్న బండి, రెండేళ్లుగా ఇంట్లోనే పడి ఉంది. మికుని కంపెనీ కార్బురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు పంపేది) విప్పించి, కడిగించి, కొత్త కిట్ వేయించాను. పెట్రోల్ పైపు మార్చి మధ్యలో ఫిల్టర్ కూడా పెట్టాను. ఊళ్లో బాగానే తిరుగుతోంది కానీ దేవరకొండ రోడ్డెక్కి 60 దాటించానంటే నాలుగైదు కిలోమీటర్లకే నీరసించి ఆగిపోతోంది, రెండు నిమిషాలాగి కిక్ కొడితే మళ్లీ మామూలే. పైగా స్టాండ్ వేసి ట్యాప్ కట్టకపోతే ఓవర్‌ఫ్లో పైపులోంచి పెట్రోల్ కారుతోంది. మెకానిక్ మెయిన్ జెట్ (స్పీడులో ఇంజిన్‌కు పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రం ముక్క) పెద్దది వేద్దామంటున్నాడు. వేయించనా? నాన్న బండి, పాడైపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

పాలమూరు టూస్ట్రోక్:
జెట్ జోలికి ఇప్పుడే పోకు తమ్ముడూ. కాసేపాగితే తేరుకుంటోందంటే ఫ్లోట్ గిన్నె, అంటే కార్బురేటర్ కింద పెట్రోల్ నిలిచే గిన్నె, మెల్లగా నిండుతోందన్నమాట, పెట్రోల్ అక్కడిదాకా రావడమే లేటైతే పెద్ద జెట్ గిన్నెను ఇంకా తొందరగా ఖాళీ చేస్తుంది. ఈ బండికి పంపు లేదు, పెట్రోల్ తన బరువుకే దిగాలి. ఇంజిన్ చల్లారాక, దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకుని, కార్బురేటర్ దగ్గర పైపు ఊడదీసి సీసాలోకి వదులు. ధార మొదట్లో బాగుండి పోనుపోను సన్నబడితే ట్యాంకు మూత తెరిచి చూడు, వెంటనే పుంజుకుందంటే మూతలో గాలి రంధ్రం పూడుకుపోయింది. మూత తెరిచినా సన్నగానే ఉంటే ట్యాప్ జాలీ, ఫిల్టర్ చూడాలి. పైపు ఎక్కడా కిందికి వేలాడి మళ్లీ పైకి ఎక్కకూడదు, మన ఎండలకు ఆ వంపులోనే ఆవిరి బుడగ చేరి కూర్చుంటుంది. అప్పటిదాకా రోడ్డెక్కించకు. టూస్ట్రోక్‌కు పెట్రోల్ చాలకపోతే పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది.

మిర్యాలగూడ గ్యారేజ్:
కారడం వేరే సమస్య. గిన్నె నిండగానే పెట్రోల్‌ను ఆపే నీడిల్ వాల్వ్ మొన మీద గీత పడిందా, ఆ మొన కూర్చునే సీటులో ట్యాంకు తుప్పు ఇరుక్కుందా చూడు. ఆ వాల్వ్‌ను మూసే తేలే బుడ్డి, ఫ్లోట్‌ను చెవి దగ్గర పెట్టి ఊపు, లోపల పెట్రోల్ చప్పుడైతే అది మునిగిపోతోంది, మార్చెయ్. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్, పాత రబ్బరు దానికి తట్టుకోదు, పైపు, వాషర్లు ఇథనాల్‌కు ఆగేవే అడిగి తీసుకో. స్లో జెట్‌లో (ఐడ్లింగ్‌లో పెట్రోల్ వెళ్లే చిన్న జెట్) ఇనుప తీగ పెట్టనివ్వకు, రంధ్రం పెద్దదైతే ఎంత ట్యూన్ చేసినా కుదరదు. ఇంకోటి, కార్బురేటర్ దింపినప్పుడు ఇంజిన్‌కు టూటీ ఆయిల్ అందించే పైపు ఊడదీశారా? తీసి ఉంటే గాలి బుడగలు పోయేదాకా ఆయిల్ పంపు బ్లీడ్ చేయాల్సిందే (లోపలి గాలిని బయటికి వదలాల్సిందే), ఇది మాత్రం మర్చిపోవద్దు.

నల్గొండ ఆర్‌ఎక్స్:
అన్నా, మూతే! తెరవగానే ధార మునుపటిలా వచ్చింది. రంధ్రంలో తుప్పు గట్టిగా పట్టి ఉంది, శుభ్రం చేశాను. పైపు కూడా వంపు లేకుండా కత్తిరించి వేశాను. ఆయిల్ పైపు తీశారట, రేపు నా ముందే బ్లీడ్ చేయించి, నీడిల్ కొత్తది వేయించాకే దేవరకొండ రోడ్డెక్కిస్తాను.