విజార్డా, ఫైటరా, బార్డా? ఐదుసార్లు మొదలెట్టి ఐదుసార్లూ ఓడ దగ్గరే ఆగిపోయాను

టెక్కలి జెరాక్స్:

అందరికీ నమస్కారం. నాది టెక్కలిలో చిన్న జెరాక్స్, డీటీపీ షాపు. ఇప్పుడు మూఢం నడుస్తోంది కాబట్టి శుభలేఖల పని లేదు. ఖాళీ దొరికింది. మా మేనల్లుడు బెంగళూరులో కొత్త లాప్‌టాప్ కొనుక్కుని పాతది నాకిచ్చాడు. 1650 గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్. "మావయ్యా, ఇది ఆడకపోతే జన్మ వృథా" అని బాల్డర్స్ గేట్ 3 కూడా వాడే కొనిపెట్టాడు. గేమ్ 150 జీబీ చోటు అడిగింది. పదేళ్ల పెళ్లికార్డుల ఫైళ్లన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లోకి తోసేస్తే గానీ సరిపోలేదు.

నా బాధ ఏంటంటే, గేమ్ మొదలవ్వకముందే క్లాస్, అంటే మన మనిషి ఎలాంటివాడో ఎంచుకోమంటుంది. 12 ఉన్నాయి. మేనల్లుడు విజార్డ్, అంటే మంత్రగాణ్ణి తీసుకోమన్నాడు కదా అని తీసుకున్నాను. ఓడలో ఎర్రగా చిన్న దెయ్యాల్లాంటివి వస్తాయి కదా, వాటి చేతిలో రెండు దెబ్బలు తిని పడిపోయాడు. మళ్లీ మొదలెట్టి బార్బేరియన్. కోపం తెచ్చుకోవడం, గొడ్డలి ఊపడం, అంతే. బాగానే ఉంది గానీ అరగంటకి విసుగొచ్చింది. తర్వాత మంత్రాలు వేసే వార్‌లాక్, ఆ తర్వాత ప్రమాణం చేసి కత్తి పట్టే పాలడిన్. ఐదోసారి మళ్లీ విజార్డే, ఈసారి గడ్డం పెట్టి. ఈ గడ్డానికీ ముక్కుకీ గంట పట్టింది. మా ఆవిడ వెనకనుంచి చూసి "ఎవరిదండీ, పెళ్లికొడుకు ఫొటో టచప్ చేస్తున్నారా?" అంది.

విజార్డ్ మీద మనసు పోవడం లేదు. కానీ ఆ మంత్రాల పేజీ తెరిస్తే భూమి దస్తావేజు చదివినట్టు ఉంది. ఇంగ్లీష్ చదవగలను, నెమ్మదిగా. రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకా నా టైము, పగలు గిరాకీ లేనప్పుడు ఇంకాస్త.

తప్పు క్లాస్ తీసుకుంటే నలభై గంటల తర్వాత ఇరుక్కుపోతానేమోనని భయం. మొదటిసారి ఆడేవాడు ఏది తీసుకోవాలి?

ఉద్దానం కొబ్బరి:

ఫైటర్ అన్నా. ఇంకేమీ ఆలోచించకు.

కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టితనం) 16 పెట్టుకుంటే మొదటి లెవెల్లోనే 13 హెల్త్ ఉంటుంది. నీ విజార్డ్‌కి 14 పెట్టినా 8. అందుకే రెండు దెబ్బలకి పడ్డాడు. ఫైటర్‌కి ఒంట్లో రక్తం తగ్గితే సెకండ్ విండ్ నొక్కు, కాస్త వెనక్కి వస్తుంది. రెండో లెవెల్లో యాక్షన్ సర్జ్ వస్తే ఒకే టర్న్‌లో ఇంకోసారి కొట్టొచ్చు. ఐదో లెవెల్ నుంచి ఎలాగూ కొట్టిన ప్రతిసారీ రెండు దెబ్బలు. చదవాల్సింది ఏమీ లేదు. ఇనప కోటు తొడుక్కో, పెద్ద కత్తి పట్టుకో, ఎదురుగా ఉన్నోడి దగ్గరికి నడువు.

నేను ఆర్మీ ట్రైనింగ్‌కి వెళ్లే ముందు మూడు నెలల్లో ఫైటర్‌తోనే పూర్తి చేశాను.

గంటస్తంభం సెంటర్:

టెక్కలి అన్నగారూ, పై తమ్ముడు చెప్పింది తప్పు కాదు. ఫైటర్‌తో హాయిగా వెళ్లిపోవచ్చు. కానీ మీ భయం బలం గురించి కాదు, ఇరుక్కుపోవడం గురించి. ముందు ఆ భయం తీరుద్దాం.

ఓడ కూలి పడ్డ బీచ్ ఉంది కదా, దాని పక్కనే కొండ మీద పాడుబడ్డ కట్టడం, దాని కింద సమాధులు. అక్కడ ఒక శవపేటికలోంచి విదర్స్ అని ఎండిపోయిన ముసలాయన లేస్తాడు. ఆయన మన క్యాంపుకి వచ్చి నిలబడతాడు. 100 గోల్డ్ ఇస్తే క్లాస్ మొత్తం మార్చేస్తాడు, ఎన్నిసార్లయినా. ఆ వంద కూడా వెనకనుంచి ఆయన జేబులోంచి కొట్టేసేవాళ్లు ఉన్నారు. (నేను కొట్టలేదు. రెండుసార్లు తప్ప.) సమాధి దొరక్కపోయినా ఫరవాలేదు, కొన్నాళ్లకి ఆయనే క్యాంపుకి వచ్చేస్తాడు. మీ జాతిని మటుకు ఆయన మార్చలేడు. ఎల్ఫా, మనిషా, డ్వార్ఫా అన్నది మటుకు మొదట్లోనే చూసుకోండి. గడ్డం, జుట్టు కూడా క్యాంపులో అద్దం ముందు మార్చుకోవచ్చు, కాబట్టి వదినగారికి అనుమానం వచ్చేంత సేపు అక్కడ కూర్చోనక్కర్లేదు.

రెండోది. మీరు ఒంటరిగా ఆడరు. మీతో కలిపి నలుగురు నడుస్తారు, యుద్ధంలో నలుగురినీ మీరే ఆడిస్తారు. షాడోహార్ట్ క్లెరిక్, గాయాలు మాన్పుతుంది. లేజెల్ ఫైటర్. అస్టారియన్ తాళాలు తీసే దొంగ. బీచ్ దగ్గరే గోడలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి సాయం అడుగుతుంది, లాగండి. ఆయన గేల్, విజార్డే. మీ మేనల్లుడి మాట అలా నిలబడిపోతుంది. కొత్త మంత్రాలు స్క్రోల్స్ (మంత్రం రాసిన చుట్టలు) చూసి ఆయన చేత నేర్పించండి, మంత్రం లెవెల్‌కి 50 గోల్డ్ చొప్పున ఖర్చవుతుంది. ఐదో లెవెల్లో ఫైర్‌బాల్ వచ్చాక మీకే తెలుస్తుంది విజార్డ్ రుచి. అప్పుడు కావాలంటే విదర్స్ దగ్గరికి వెళ్లి మీరూ విజార్డ్ అయిపోండి.

అంటే కొట్టడానికి, మంత్రానికి, తాళానికి అందరికీ మనుషులున్నారు. మీ ఒక్కరికే మిగిలేది మాట్లాడటం. ఈ గేమ్‌లో సగం గొడవలు మాటతో తేలిపోతాయి, మాట్లాడేది చాలా వరకూ మీ మనిషే. ఆ మాటకి కరిజ్మా, అంటే ఎదుటివాణ్ణి ఆకట్టుకునే గుణం కావాలి. కరిజ్మా మీద నడిచే క్లాసులు నాలుగు: బార్డ్ (పాటగాడు), సోర్సరర్ (ఇతనూ మంత్రగాడే), వార్‌లాక్, పాలడిన్. నేనైతే మొదటిసారికి ఈ నాలుగింట్లో ఒకటి తీసుకోమంటాను.

పాలడిన్ మటుకు వద్దు, మీకు మధ్యలో గిరాకీ వచ్చే షాపు ఉంది కాబట్టి. నా కథ చెప్తాను. ఆ ఏడాది సిరిమాను ఉత్సవం చూడ్డానికి చుట్టాలు దిగారు. ఇల్లంతా సందడి. మేడ మీద గదిలో నేను కొత్త పాలడిన్‌తో బీచ్ దాటాను. అక్కడ లేజెల్‌ని పంజరంలో వేలాడదీసి, కింద ఇద్దరు టీఫ్లింగ్‌లు (కొమ్ములున్న జాతివాళ్లు) కాపలా ఉంటారు. మాట్లాడి వాళ్లని పంపేయొచ్చు. సరిగ్గా అప్పుడే పిన్ని కింద నుంచి "పులిహోర చల్లారిపోతోందిరా" అని పిలిచింది. నేను చదవకుండా కత్తి దూసే లైన్ నొక్కి, ఇద్దరినీ నరికి, తినడానికి దిగిపోయాను. తిరిగొచ్చి చూస్తే నా ప్రమాణం భంగమైంది! క్యాంపులో నల్లటి కవచం వేసుకున్న ఒకాయన నిలబడి ఉన్నాడు. ప్రమాణం తిరిగి కావాలంటే 1000 గోల్డ్ కట్టమంటాడు. అప్పటికి నా దగ్గర ఉన్నది రెండు వందల చిల్లర. పాలడిన్ అంటే ప్రతి లైనూ చదివి సంతకం పెట్టేవాళ్లకి. మీరు దస్తావేజులు వద్దన్నారు కదా.

ఇంకోటి, ఇది టర్న్ ప్రకారం నడిచే గేమ్. మీ టర్న్‌లో మీరు వంద పేజీలు జెరాక్స్ తీసి వచ్చినా శత్రువు కదలడు. యుద్ధం మధ్యలో కూడా ఎఫ్5 నొక్కితే సేవ్ అవుతుంది, ఎఫ్8 నొక్కితే వెనక్కి. కరెంటు మీద నమ్మకం లేని మనకి ఎఫ్5 దేవుడితో సమానం.

ఐదుసార్లు మొదలెట్టారని సిగ్గుపడకండి. నాకు తెలిసినవాళ్లలో ఐదు అంటే తక్కువే.

వీణ చెల్లి:

అన్నయ్యా, బార్డ్.

నాది బొబ్బిలి. పనస దుంగని ఒకే ముక్కగా తొలిచి వీణ చేసే గొల్లపల్లి మాకు పక్కనే. నేనూ ఏడేళ్లు వీణ నేర్చుకున్నాను. అందుకని బార్డ్ తీసుకుని, ఇందులో ఏం వాద్యాలున్నాయా అని చూస్తే లూట్, లైర్, ఫ్లూట్, వయొలిన్, చేతి డప్పు. వీణ లేదు. ఆ లూట్ చూసి కాసేపు నవ్వుకున్నాను కూడా. కానీ ఊళ్లో నిలబడి వాయిస్తే జనం మూగి నాణేలు విసురుతారు, అది చూశాక నవ్వు తగ్గింది. నా కచేరీలకి ఎవరూ విసరలేదు మరి.

అసలు సంగతి అది కాదు. బార్డ్‌కి విషస్ మాకరీ అని ఒకటి ఉంటుంది. శత్రువుని తిట్టడం. అంతే, తిట్టే ఆయుధం! డబ్బు ఖర్చు లేదు, అలసట లేదు, ఎన్నిసార్లయినా తిట్టొచ్చు. దెబ్బ చిన్నదే, మొదట్లో ఒకటి నుంచి నాలుగు దాకా తగులుతుంది. కానీ తిట్టు తగిలినవాడికి తర్వాతి దెబ్బ వెయ్యడానికి చెయ్యి వణుకుతుంది, ఈ గేమ్‌లో దెబ్బ తగలడం పాచిక మీద తేలుతుంది కదా, వాడికి రెండు పాచికలు వేసి చిన్నది లెక్కలోకి తీసుకుంటారు. మా వీధి కుళాయి దగ్గర పొద్దున్న ఆరింటికి నడిచే పోరాటం చూసి పెరిగినదాన్ని, నాకు ఈ పద్ధతి వెంటనే అర్థమైపోయింది. బిందె ఎత్తకముందే సగం గెలిచేస్తారు.

ఇంకో లాభం ఏంటంటే, రోజుకి రెండుసార్లు చిన్న విశ్రాంతి దొరుకుతుంది కదా, బార్డ్‌కి రెండో లెవెల్లో సాంగ్ ఆఫ్ రెస్ట్ వస్తే అది మూడోది. మీ జట్టులో విల్ అనే వార్‌లాక్ ఉంటే వాడి మంత్రాలు చిన్న విశ్రాంతికే తిరిగొస్తాయి, కాబట్టి వాడు మీ కాళ్లకి దణ్ణం పెడతాడు. మూడో లెవెల్లో కాలేజ్, అంటే బార్డ్‌లలో ఏ శాఖో ఎంచుకోమంటుంది. కత్తి కావాలంటే స్వోర్డ్స్, మాటలు మంత్రాలు కావాలంటే లోర్. అప్పటిదాకా దాని గురించి ఆలోచించకండి, మళ్లీ టెన్షన్ పడతారు.

జాతి హాఫ్లింగ్ (పొట్టివాళ్ల జాతి) పెట్టుకోండి. పాచిక మీద 1 పడితే వాళ్లకి ఇంకోసారి వెయ్యనిస్తారు. మాటకారికి అంతకంటే ఏం కావాలి? చీకట్లో కళ్లు కనబడవు, అదొక్కటే. కాగడా పట్టుకోండి.

ఉద్దానం కొబ్బరి:

తిట్లతో యుద్ధమా 😂 రాక్షసుడు మీదకొస్తే పద్యం చదువుతావా అక్కా? ఫైటర్ అన్నా, ఫైటర్.

వీణ చెల్లి:

నువ్వు నడిచి వాడి దగ్గరికి వెళ్లేలోపు నేను మూడు తిట్లు తిట్టి ఉంటాను తమ్ముడూ. నా తిట్టు 18 మీటర్లు పోతుంది. నీ కత్తి?

టెక్కలి జెరాక్స్ (నాలుగు రోజుల తర్వాత):

అందరికీ చాలా థాంక్స్. హాఫ్లింగ్ బార్డ్ తీసుకున్నాను. ముక్కు, గడ్డం రెండు నిమిషాల్లో కానిచ్చేశాను.

వాద్యం దగ్గర మాత్రం ఆగాను. చేతి డప్పు కనిపించింది. మా తాత తప్పెటగుళ్లు ఆడేవాడు. గుండెకి కట్టుకున్న రేకు తప్పెట రెండు చేతులతో వాయిస్తూ, కాళ్ల గజ్జెలతో గుండ్రంగా తిరుగుతూ, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి నిలబడేవాళ్లు. నేను చిన్నప్పుడు కింద నిలబడి ఆయన పడిపోతాడేమోనని ఏడ్చేవాణ్ణట. ఈ గేమ్ డప్పుకి ఆ మోత లేదు, గజ్జెలు అసలే లేవు. అయినా అదే తీసుకున్నాను.

ఓడ దాటాను! ఆరోసారికి. గేల్ చెయ్యి పట్టుకుని లాగాను. పంజరం కింద ఉన్న ఆ ఇద్దరినీ గంటస్తంభం గారి పిన్నిని తల్చుకుని మాటలతోనే పంపేశాను. పాచిక మీద మొదట 1 పడింది, హాఫ్లింగ్ కాబట్టి ఇంకోసారి వేస్తే 17 వచ్చింది. చెల్లెమ్మకి రుణపడి ఉన్నాను.

నిన్న మధ్యాహ్నం గేమ్‌లో గ్రోవ్ అనే స్థావరం గేటు దగ్గర గోబ్లిన్ల యుద్ధం. నా టర్న్. ఎదురుగా బండ మీద ఒక గోబ్లిన్ విల్లు పట్టుకుని నిలబడి ఉన్నాడు. వాడి హెల్త్ మూడే మిగిలింది. తిట్టు మీద క్లిక్ చెయ్యబోతుంటే ఒకావిడ పాసుపుస్తకం పట్టుకుని వచ్చింది. ముందూ వెనకా, రెండు సెట్లు. మెషిన్‌లో పేపర్ ఇరుక్కుంది. ట్రే లాగి, రోలర్‌లోంచి ముక్క తీసి, మళ్లీ పెట్టి, చిల్లర వెతికిచ్చి వచ్చేసరికి పది నిమిషాలు. గోబ్లిన్ అలాగే నిలబడి ఉన్నాడు, పాపం, వాడి వంతు వచ్చేదాకా. తిట్టాను. 3 తగిలింది. బండ మీంచి కింద పడ్డాడు.

ఆ తిట్టు స్పీకర్లోంచి గట్టిగా వినిపించింది. ఆవిడ ఇంకా గుమ్మం దాటలేదు, వెనక్కి తిరిగి "నన్నేమైనా అన్నావా బావూ?" అంది. ఇకనుంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటాను.

ఉద్దానం తమ్ముడూ, ఏమీ అనుకోకు. లేజెల్‌కి ఇనప కోటు తొడిగి నీ ఫైటర్ని కూడా నడిపిస్తున్నాను.

ఒక సందేహం. గేల్ గుండెలో ఏదో బాధ అని మాయ వస్తువు ఒకటి ఇమ్మంటున్నాడు, ఇస్తే తినేసేలా ఉన్నాడు. నా దగ్గర ఉన్నవే రెండు. ఇవ్వాలా?

గంటస్తంభం సెంటర్:

ఇవ్వండి. రెండింట్లో మీకు పనికిరానిదేదో అది. ఇంకా అడుగుతాడు, ఇప్పటినుంచే పాత ఉంగరాలు అమ్మకుండా ఒక సంచిలో పక్కన పెట్టుకోండి.