బీపీ గోలీతో కాళ్లు వాస్తుంటే ఆపేయడం తప్పా?

పరకాల పిలగాడు:
మా బాపుకు అరవై దాటింది. బీపీ గోలీలు ఊళ్లోనే ఆశా అక్క ఇచ్చిపోతుంది. మొదట అమ్లోడిపిన్ 5 ఎంజీ ఇచ్చేవాళ్లు, బీపీ తగ్గడం లేదని 10 చేశారు. ఎండలు ముదిరినప్పటి నుంచి రెండు పాదాలూ వాస్తున్నాయి. సాయంత్రానికి చెప్పులు పట్టవు, వేలితో నొక్కితే సొట్ట పడుతుంది. "ఈ గోలీ నాకు పడతలేదు" అని ఎవరికీ చెప్పకుండా మానేశాడు. వాపు తీసింది, మనిషి హుషారయ్యాడు. కానీ మొన్న చూపిస్తే బీపీ 170/100.

ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. కాళ్లు వాస్తే వాయనీ, గోలీ మాత్రం మానొద్దని అమ్మ. ఒళ్లు వద్దంటున్నదాన్ని బలవంతంగా మింగడం ఏం తెలివని చిన్నాయన. మీరు ఎటువైపు?

కాజీపేట రిటైర్డ్:
నేను మీ చిన్నాయన వైపే. "డాక్టర్‌ని అడగకుండా ఆపొద్దు" అని ఇప్పుడు పదిమంది వచ్చి రాస్తారు, చూస్తూ ఉండండి. ఎప్పుడు అడగాలి? పొద్దున ఓపీ చీటీకి లైన్, బీపీ చూపించుకోవడానికి లైన్, మందుల కిటికీ దగ్గర ఇంకో లైన్. లోపల డాక్టర్ ముందు కూర్చునేది రెండు నిమిషాలు. కాళ్ల వాపు అని నోరు తెరిచేలోపు "సేమ్ కంటిన్యూ" అని రాసి చీటీ చేతిలో పెడతారు. అడిగే దారి లేనప్పుడు మనిషి తన కాళ్లు తను చూసుకుంటాడు. అది మూర్ఖత్వం అంటే నేను ఒప్పుకోను.

సుబేదారి మెడికల్ షాప్:
కౌంటర్ దగ్గర వారంలో చాలాసార్లు వినే మాటే ఇది. పెద్దాయనను తప్పు పట్టను. అమ్లోడిపిన్‌తో పాదాలు వాయడం కొత్త సంగతి కాదు, 5 కంటే 10 మీద చాలా ఎక్కువ. ఆడవాళ్లలో ఇంకొంచెం ఎక్కువగా చూస్తాం. ఎండాకాలంలోనూ, రోజంతా నిలబడి పనిచేసేవాళ్లలోనూ బాగా బయటపడుతుంది.

ఇది ఎందుకొస్తుందో తెలిస్తే సగం గొడవ తీరుతుంది. ఈ మందు సన్నటి ధమనులను వదులు చేస్తుంది, అందుకే బీపీ తగ్గుతుంది. కానీ రక్తాన్ని వెనక్కి తీసుకుపోయే సిరల వైపు అంత వదులు కాదు. మధ్యలో ఉన్న సన్న నాళాల్లో ఒత్తిడి పెరిగి నీరు బయటికి ఊరి పాదాల దగ్గర చేరుతుంది. అంటే ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదు. చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. వాపు చూడగానే "నీరు పోయే గోలీ ఇవ్వు" అని లాసిక్స్ అడుగుతారు. ఈ వాపుకు అది పెద్దగా పనిచేయదు సరికదా, ఉన్న సోడియం, పొటాషియం పడిపోయి కొత్త నీరసం మొదలవుతుంది.

దారులు వేరే ఉన్నాయి. డోసు తగ్గించి పక్కన టెల్మిసార్టాన్ అనే ఇంకో రకం బీపీ గోలీ కలుపుతారు. అది సిరల వైపు కూడా వదులు చేస్తుంది కాబట్టి వాపు తగ్గుతుంది, బీపీ కూడా ఆగుతుంది. లేదంటే సిల్నిడిపిన్‌కు మారుస్తారు, అదీ ఆ జాతి మందే, వాపు తక్కువ. కాబట్టి అమ్మ, చిన్నాయన ఇద్దరి మధ్య మూడో మాట ఒకటి ఉంది: గోలీ మార్చడం. నేను మాత్రం చీటీ లేకుండా మార్చి ఇవ్వను, ముందే చెప్తున్నా.

ఒక ప్రశ్న. మోకాళ్ల నొప్పులకు ఏమైనా వాడుతున్నాడా?

పరకాల పిలగాడు:
వాడతాడు అన్నా. మా ఆర్‌ఎంపీ దగ్గర అప్పుడప్పుడు సూది వేయించుకుంటాడు. ఇంట్లో డైక్లోఫెనాక్ గోలీలుంటాయి, పొలం పని ఎక్కువైన రోజు రాత్రి ఒకటి. దానికీ దీనికీ సంబంధం ఉందా?

నైట్ డ్యూటీ నర్స్, హన్మకొండ:
ఉంది తమ్ముడూ, బాగా ఉంది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి గోలీలు ఒంట్లో ఉప్పునూ నీళ్లనూ పట్టి ఉంచుతాయి. బీపీ పెరుగుతుంది, కాళ్లు వాస్తాయి, బీపీ మందుల పని తగ్గిపోతుంది. 5 తో బీపీ ఎందుకు తగ్గలేదో ఎవరైనా ఈ కోణంలో అడిగారా? 10 చేయాల్సిన అవసరమే లేకపోయేదేమో. రేపు టెల్మిసార్టాన్ కలిపినా, దానికి తోడు నీరు పోయే గోలీ ఉన్నా, ఈ నొప్పి గోలీలు మాత్రం అసలు వద్దు. ఆ మూడూ కలిస్తే కిడ్నీ మీద పడతాయి, ఎండాకాలంలో వాంతులో విరేచనాలో పట్టుకుంటే ఇంకా తొందరగా.

కాజీపేట సార్, మీ కోపం అర్థమవుతుంది. కానీ "ఒళ్లు చెప్తే ఆపేయాలి" అనే మాట అన్ని గోలీలకూ పనికిరాదు. అమ్లోడిపిన్ ఒంట్లోంచి మెల్లగా పోతుంది, ఒకటి మర్చిపోయినా వెంటనే కొంప మునగదు. గుండె నొప్పి ఉన్నవాళ్లు మెటోప్రొలాల్, అటెనొలాల్ ఉన్నట్టుండి మానితే నొప్పి తిరగబెడుతుంది, గుండెపోటు కూడా రావచ్చు. క్లోనిడిన్ అనే బీపీ గోలీ మానితే బీపీ ఒక్కసారిగా పైకి లేస్తుంది. స్టెంట్ వేసుకుని క్లోపిడోగ్రెల్, ఎకోస్ప్రిన్ వాడేవాళ్లు "కడుపులో మంట" అని మానేస్తే స్టెంట్‌లో రక్తం గడ్డ కడుతుంది. కడుపు మంటకు గ్యాస్ గోలీ రాయించుకోవచ్చు, స్టెంట్ మూసుకుపోయాక రాయించుకునేది ఏముంటుంది? పక్షవాతం వచ్చి మా వార్డుకు చేరినవాళ్లను అడిగితే "గోలీలు మానేశాం" అనే మాట ఎన్నిసార్లు విన్నానో.

ఇంకోటి. వాపు అంతా గోలీ వల్లే అనుకోవద్దు. ఒక్క కాలే వాచి నొప్పి ఉన్నా, పడుకుంటే ఆయాసం వస్తున్నా, మూత్రం తగ్గినా అది వేరే లెక్క, అదే రోజు చూపించాలి. రామిప్రిల్, ఎనలాప్రిల్ అనే బీపీ, గుండె గోలీలు వాడేవాళ్లకు పెదవులు, నాలుక, ముఖం వాస్తే ఒక్క గంట కూడా ఆగొద్దు. ఆ గోలీ మళ్లీ ముట్టుకోవద్దు.

గోదావరిఖని పాత కార్మికుడు:
నర్సమ్మ రామిప్రిల్ అన్నది కాబట్టి నా ముచ్చట చెప్తా. గుండెపోటు వచ్చి స్టెంట్ వేశాక ఆ గోలీ పెట్టారు. తర్వాత పొడి దగ్గు. రాత్రి పడుకోనివ్వదు, గొంతులో గరగర, కళ్లె మాత్రం పడదు. బొగ్గు బాయిల పనిచేసినోడిని, ఎవరు చూసినా "బొగ్గు దుమ్ము" అన్నారు. ఎక్స్‌రే తీశారు, కళ్లె పరీక్ష అన్నారు, సిరప్ సీసాల మీద సీసాలు తాగా. వానాకాలమంతా గట్లనే గడిచింది. చివరికి వేరే దవాఖానలో ఒక చిన్న డాక్టరమ్మ, కొత్తగా చదువైనట్టుంది, నా గోలీల కవరు బల్ల మీద బోర్లించి ఒక్కొక్కటీ తిప్పి చూసి "దగ్గు ఈ గోలీదే తాతా" అన్నది. టెల్మిసార్టాన్ పెట్టింది. కొన్ని వారాల్లో దగ్గు పోయింది.

అయినా సరే, నేను ఏదీ నా అంతట నేను ఆపలేదు. మెటోప్రొలాల్‌తో నీరసం ఉంటది, చేతులు చల్లబడతాయి. ఉంటే ఉన్నాయి, అలవాటైంది. గుండె నొప్పికి సార్బిట్రేట్ గోలీ నాలుక కింద పెడితే తల పగిలిపోతది, కాసేపు కూర్చుంటే తగ్గుతది. నిలబడి మాత్రం పెట్టుకోవద్దు, కళ్లు తిరిగి పడతారు. కల్లు మండువ నుంచి వచ్చి ఈ గోలీలు మింగే దోస్తులకు కూడా ఇదే చెప్తా, వినరు.

కాజీపేట రిటైర్డ్:
పెద్దాయనా, మీరు నా వాదనే గెలిపించారు. వానాకాలమంతా దగ్గుతుంటే గోలీల కవరు తిప్పి చూసిన డాక్టర్ ఒక్కరే దొరికారు. మీరు గోలీలు మింగుతూ భరించారు, పరకాల పెద్దాయన భరించలేక ఆపాడు. మీ ఇద్దరి మధ్య తేడా ఓపిక ఒక్కటే. చూడాల్సినవాళ్లు చూడకపోవడం రెండు చోట్లా ఒకటే.

జమ్మికుంట అక్క:
మరి కొలెస్ట్రాల్ గోలీ సంగతి? మా ఆయనకు అటోర్వాస్టాటిన్ రాశారు. యూట్యూబ్‌లో ఎవరో కండరాలు కరిగిపోతాయన్నారట, మర్నాటి నుంచి తొడలు గుంజుతున్నాయంటాడు. నిజమైన నొప్పో, వీడియో నొప్పో నాకు తెలియడం లేదు.

సుబేదారి మెడికల్ షాప్:
అక్కా, దీని మీద లండన్‌లో ఒక పరీక్ష జరిగింది, 2020లో వచ్చింది, పేరు శాంసన్. సైడ్ ఎఫెక్ట్ అని స్టాటిన్ (మీ ఆయన గోలీ జాతి మందు) మానేసిన 60 మందిని తీసుకున్నారు. కొన్ని నెలలు అసలు గోలీ, కొన్ని నెలలు మందు లేని ఉత్త గోలీ, కొన్ని నెలలు ఏమీ లేకుండా. ఏ నెల ఏ గోలీయో వాళ్లకు చెప్పలేదు. అసలు గోలీతో వచ్చిన బాధలో దాదాపు 90 శాతం ఉత్త గోలీతోనూ వచ్చింది. ఆ సంగతి తెలిశాక సగం మంది మళ్లీ స్టాటిన్ మొదలుపెట్టారు.

కాజీపేట రిటైర్డ్:
అంటే నొప్పి అబద్ధమంటారా? ముసలోళ్లందరూ నటిస్తున్నారా?

నైట్ డ్యూటీ నర్స్, హన్మకొండ:
అబద్ధం కాదు సార్. నొప్పి నిజమే. గోలీ అంటే ఉన్న భయం వల్లా వస్తుంది, వయసు వల్లా వస్తుంది, థైరాయిడ్, డి విటమిన్ తక్కువైనా వస్తుంది. కొద్దిమందికి గోలీ వల్లే వస్తుంది, వాళ్లకు డోసు తగ్గిస్తారు, రకం మారుస్తారు. రెండు తొడలూ బాగా నొప్పి పెట్టి, మూత్రం చాయ్ రంగులో వస్తే మాత్రం గోలీ ఆపి వెంటనే పరుగెత్తాలి. అది అరుదు. ఇక్కడ ఆపమని నేనే చెప్తున్నాను చూడండి, నేను ఆపడానికి వ్యతిరేకం కాదు.

ములుగు ఆశా:
నేను ఇంటింటికీ గోలీలు పంచేదాన్ని. కాజీపేట సార్ "ఎవర్ని అడగాలి" అన్నారు కదా, జవాబు చెప్తా. మేము గోలీ మార్చలేం, మాకు ఇచ్చిందే మీకు ఇస్తాం. కానీ వాపు ఉందని మాకు చెప్తే మెడికల్ ఆఫీసర్ ముందుకు తీసుకుపోతాం. సబ్ సెంటర్‌లో ఈ-సంజీవని వీడియో కాల్ ఉంది, దవాఖానకు పోకుండానే డాక్టర్‌తో మాట్లాడిస్తారు. జనం చెప్పరు. గోలీలు తీసుకుని మక్కల డబ్బాలో దాస్తారు, నేను లెక్క అడిగితే "వేసుకుంటున్నం బిడ్డా" అంటారు. బీపీ పెరిగిందని డోసు పెంచుతారు. మింగని గోలీకి డోసు పెంచి ఏం లాభం?

మందుతో ఇబ్బంది వస్తే మనమే ఫోన్ చేసి చెప్పుకునే ప్రభుత్వ నంబర్ కూడా ఉంది, 1800-180-3024, పైసలు పడవు. గోలీ మార్చడానికి కాదు, ఫలానా మందుతో ఇట్లా అయిందని రాసుకోవడానికి.

ఇంకో మాట. ఉపాధి హామీ పనికి ఎండలో పోయేవాళ్లు నీరు పోయే గోలీ వేసుకుంటే కళ్లు తిరిగి పడుతున్నారు. మంచం మీంచి లేచేటప్పుడు కాసేపు కూర్చుని లేవండి. కూర్చున్నప్పుడు ఎంత, నిలబడ్డాక ఎంత అని రెండుసార్లు బీపీ చూడమని అడగండి. లేచినప్పుడు బీపీ పై అంకె 20 పాయింట్లు తగ్గితే డాక్టర్‌కు చెప్పాలి.

పరకాల పిలగాడు:
ఆశా అక్కతో మాట్లాడాను, రేపు పీహెచ్‌సీకి తీసుకుపోతున్నా. గోలీల కవరు, డైక్లోఫెనాక్ సహా, మొత్తం పట్టుకెళ్తా. వారం రోజుల బీపీ లెక్క కాగితం మీద రాయించా. ఇంకేం అడగాలి?

సుబేదారి మెడికల్ షాప్:
టెల్మిసార్టాన్ మొదలుపెడితే ముందూ, కొన్ని వారాల తర్వాతా క్రియాటినిన్ (కిడ్నీ రక్త పరీక్ష), పొటాషియం చూడాలా అని అడుగు. లో సోడియం ఉప్పు వాడుతుంటే అది కూడా చెప్పు, అందులో పొటాషియం ఉంటుంది. మోకాళ్లకు పారాసిటమాల్, పైన రాసే జెల్ సరిపోతాయేమో అడుగు. 170 ఉన్న మనిషిని గోలీ లేకుండా ఎక్కువ రోజులు ఉంచొద్దు, కొత్తది రాసేదాకా ఏం వేసుకోవాలో రేపే తేల్చుకుని రా.

కాజీపేట రిటైర్డ్:
ఇవన్నీ లోపల కూర్చున్న సార్ చెప్పాల్సినవి. కౌంటర్ మీద మీరు, వార్డులో నర్సమ్మ, ఊళ్లో ఆశా చెప్తున్నారు. నేను మొదటి నుంచి అంటున్నది ఇదే, మీరంతా ఒప్పుకోరు గానీ.